నీలం మెరుపు

గౌలిపురా, హైదరాబాద్
4 జూన్ 1979

మిత్రుడు సీమోనుకు,

నువ్వు ఆదిలాబాద్ డిపోకి బదిలీ అయి వెళ్లి ఐదు నెలలైంది. ఇన్నాళ్లూ ఒక్క ముక్క రాయనివాణ్ని ఇప్పుడు రాస్తున్నానంటే పని పడిందని నీకు తెలిసిపోయే ఉంటుంది. కారు స్టార్టవడం లేదు.

పోయిన సోమవారం దాకా బాగానే ఉంది. ఆరోజు బేగంబజార్ వెళ్లి నెల సరుకులు కూడా తెచ్చుకున్నాం. మంగళవారం పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. హ్యాండిల్ వేసి తిప్పాను, భుజం నొప్పి తప్ప ఏమీ దక్కలేదు. శాలిబండ మొగులయ్యను పిలిపించాను. ఆ మహానుభావుడు బోనెట్ కూడా ఎత్తలేదు. టైరును కాలితో తన్ని, "సార్, ఇరవై మూడేండ్ల బండి. ఇంజన్ ఖతమైంది. కబాడీకి ఇచ్చెయ్యుండ్రి, నేనే మాట్లాడిపిస్త" అన్నాడు. నా ల్యాండ్‌మాస్టర్‌ని కబాడీకి, పాత ఇనుముకి! కాఫీ కూడా ఇవ్వకుండా పంపించేశాను.

నీకు తెలియనిది కాదు, పదమూడేళ్లుగా ఆ బండి మీద నీ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. నీకు సెలవు దొరికేది రాజమణి పెళ్లికేనని మీ ఆవిడ ఆగమ్మ చెప్పింది. అంతవరకూ ఆగితే ఎలా? పెళ్లి సెప్టెంబరు పన్నెండున. మీ అమ్మాయి ఆరేళ్లప్పుడు ముందు సీట్లో కూర్చుని హారన్ నొక్కుతుంటే నేను మాట ఇచ్చాను: నీ పెళ్లికి ఈ కారే, డ్రైవర్ని నేనే అని. ఉప్పుగూడలో మీ ఇంటి గుమ్మం నుంచి చర్చి మెట్ల దాకా దాన్ని నేనే తీసుకెళ్లాలి. పిల్లలు లేనివాడు ఇచ్చిన మాట అది, తప్పను.

కాబట్టి ఉత్తరంలోనే వైద్యం చెయ్యి. లక్షణాలు రాశాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. వెంకటలక్ష్మి మాత్రం "పోతే పోయిందిలెండి, బస్సులున్నాయిగా" అంటోంది. ఆడవాళ్లకి బండి మీద మమకారం ఉండదు.

నీ
గోపాలకృష్ణమూర్తి


బస్ డిపో క్వార్టర్లు, ఆదిలాబాద్
11 జూన్ 1979

మూర్తి సారుకు సీమోను వందనాలు.

ఉత్తరం అందింది. నాకు పుస్తకాల తెలుగు రాయరాదు సారూ. మాట్లాడినట్టే రాస్తున్న, నవ్వకుండ్రి.

మొగులయ్యతోని బండి ముట్టిపియ్యకుండ్రి. బోనెట్ ఎత్తకుండ రోగం చెప్పెటోడు మెకానిక్ కాదు, సోది చెప్పెటోడు. ఇంజన్ ఏం ఖతం కాలే. మొన్న సంక్రాంతికి ముందు నేనే వాల్వులు సరిజేసి పోయిన.

ఏ బండికైన మూడే కావాలె: పెట్రోలు, కరెంటు, గాలి. గాలి దేవుడు ఇస్తడు. మిగిలినయి రెండు. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి కార్బొరేటర్ కాడ ముక్కు పెట్టుండ్రి. వాసనొస్తె పెట్రోలు ఉన్నట్టు. అటెన్క ప్లగ్గు వైర్లన్ని కలిసే డెల్కో మూత తీయుండ్రి, రెండు క్లిప్పులు ఒత్తితె వస్తది. లోపల నడుమ నల్లటి చిన్న ముక్క ఉంటది, రోటర్. అదే తిరుగుకుంట నాలుగు ప్లగ్గులకు కరెంటు పంచుతది. పోయినేడు కర్ఫ్యూల బండి ఎవలన్న ఎత్తుకపోతరని అది పీకి ఇంట్ల దాచుడు నేర్పిన గదా, మీకు, అమ్మగారికి. యాది ఉన్నదా? అది లేకుంటె రాజుగారి బండైన కదలది. దాని జాగల అది ఉన్నదా చూడుండ్రి. చూసుడే, చెయ్యి పెట్టకుండ్రి. అక్కడి పాయింట్లకు చేతి జిడ్డు తాకితె ఇంకో లొల్లి.

ఆఖరుకు ఒక ప్లగ్గు వైరు పీకి, పొడిబట్టతోని పట్టుకోని, ఇంజన్ ఇనుముకు పావు అంగుళం దూరం పెట్టుండ్రి. అమ్మగారిని సెల్ఫ్ కొట్టమనుండ్రి. మెరుపు నీలంగ రావాలె. ఎర్రగ వస్తె కాయిల్‌ల బలం లేదన్నట్టు. అసలే రాకుంటె రాలేదని రాయుండ్రి.

ఒక్కటే మాట సారూ. చూసింది రాయుండ్రి, అనుకున్నది రాయకుండ్రి. డిపోల కొత్తగ వచ్చెటోళ్లకు నేను మొదలు చెప్పేది గిదే.

ఇట్లు
సీమోను


గౌలిపురా
20 జూన్ 1979

మిత్రుడు సీమోనుకు,

నువ్వు చెప్పినవన్నీ ఆదివారం ఒక్క పూటలో చేసేశాను. పెట్రోలు వాసన గుప్పుమంది, వంటింట్లోకి కూడా వచ్చిందని వెంకటలక్ష్మి గొణిగింది. డెల్కో మూత తీశాను. నువ్వు వద్దన్నావు కాబట్టి చెయ్యి పెట్టలేదు, వంగి చూశాను. రోటరు నల్లగా దాని చోట అది ఉంది. తర్వాత ప్లగ్గు వైరు పట్టుకున్నాను. వెంకటలక్ష్మి సెల్ఫ్ కొట్టింది. మెరుపు వచ్చింది. నీలం రంగు, బ్రహ్మాండంగా!

మరి ఎందుకు అంటుకోదు? చూసిందే రాశాను, పరీక్ష పెట్టకు.

ఇక్కడ అన్నీ ఇలాగే ఉన్నాయి. మా ఇరిగేషన్ ఆఫీసులో టైపు మిషన్లకి రిబ్బన్లు మార్చడం మానేశారు, ఫైళ్లన్నీ మసక మసకగా వస్తున్నాయి. వీధి దీపాలు కూడా వెలుగుతున్నాయో లేదో తెలియదు. దానికి తోడు శాలిబండ రోడ్డు మీద అమ్మేవాళ్లు. మొన్న సరుకులు తెచ్చిన రోజు ఒకామె మామిడిపళ్ల బుట్ట సరిగ్గా బండి దారిలో పెట్టుకుంది. మడ్‌గార్డు తగిలి పళ్లు దొర్లాయి. ఎదురెండ కంట్లో పడితే ఎవడు మాత్రం ఏం చేస్తాడు? నోటికొచ్చినట్టు తిట్టింది.

త్వరగా రాయి. రోజులు దగ్గర పడుతున్నాయి.

నీ
మూర్తి


ఆదిలాబాద్
29 జూన్ 1979

మూర్తి సారుకు వందనాలు.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివిన. డ్యూటీల గూడ జేబుల పెట్టుకోని తిరిగిన. లెక్క కుదుర్త లేదు.

మందు ఉన్నది, నిప్పు ఉన్నది, మరి టపాకాయ పేలాలె గదా? సరిగ్గ పేలకున్నా తుస్సన్న అనాలె. పెట్రోలు ఉండి, నీలం మెరుపు ఉంటె, ఏ బండైన ఒక్కసారన్న దగ్గుతది, పొగగొట్టంల నుంచి టప్పుమంటది. మీ బండి ఒక్కసారన్న దగ్గిందా? గది రాయుండ్రి. దగ్గకుంటె, మెరుపు లేదు సారూ. మనిషి పొరపాటు పడతడు గానీ ఇంజన్ పొరపాటు చెప్పది.

ఇంకో రెండు అడుగుత, కోపం చేసుకోకుండ్రి. ఎడమ మడ్‌గార్డుకు నేనిటు వచ్చినంక కొత్తగ ఎన్ని సొట్టలు పడ్డయి? ఇగ మీ ఉత్తరంల అక్షరాలు గింత పెద్దగెందుకైనయి, కవరు మీద అడ్రసు అమ్మగారి చేతిదెందుకు?

రాజమణికి పెండ్లి బట్టలు తేనీకె ఆగమ్మ మదీనా దుకాణాల దిక్కు తిరుగుతున్నదంట. పిల్లేమో "మూర్తి బాపు కారుకు పువ్వులు ఏ రంగువి కట్టాలె" అని నాకు రాసింది.

ఇట్లు
సీమోను


గౌలిపురా
9 జూలై 1979

సీమోనుకు,

కాలు నొప్పని వెళ్తే పళ్లు చూపించమన్నాడట వెనకటికో వైద్యుడు. మడ్‌గార్డుకీ స్టార్టవకపోవడానికీ ఏమిటి సంబంధం? సొట్టలు రెండో మూడో పడ్డాయి. పాతబస్తీ గల్లీల్లో పడకుండా ఎలా ఉంటాయి? అక్షరాలు పెద్దవయ్యాయంటే పెన్ను పాళీ అరిగింది. అడ్రసు వెంకటలక్ష్మి రాసిందంటే ఆమె దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కనుక.

దగ్గిందా అని అడిగావు. లేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు. కానీ మెరుపు వచ్చింది, నేను చూశాను. నా మాట మీద నీకు నమ్మకం లేకపోయేసరికి అఫ్జల్‌గంజ్ వెళ్లి కొత్త కాయిల్ తెచ్చాను. మొగులయ్యనే బతిమాలి బిగించుకున్నాను, నీ వల్ల ఆ గతి కూడా పట్టింది. మళ్లీ పరీక్ష చేశాను. ఇప్పుడు ఇంకా నీలంగా వస్తోంది. అయినా అంటుకోవడం లేదు.

నీకు చేతకాకపోతే చేతకాదని రాయి, నేనేమీ అనుకోను. పెళ్లి రోజు పొద్దున్న నువ్వే వచ్చి స్టార్ట్ చేసి ఇద్దువుగాని. నడిపేది మాత్రం నేనే. పువ్వులు తెల్లవి కట్టమను.

మూర్తి


గౌలిపురా
12 జూలై 1979

సీమోను గారికి వెంకటలక్ష్మి నమస్కారాలు.

నేను మీకు ఎన్నడూ ఉత్తరం రాయలేదు. ఈయన ఆఫీసుకి వెళ్లాక రాస్తున్నాను.

కారుకి ఏ జబ్బూ లేదు. రోటరు నా దగ్గర ఉంది. కర్ఫ్యూ రోజుల్లో మీరు నేర్పినట్టే పీకి, అప్పుడు దాచినట్టే పోపులడబ్బాలో మెంతుల గిన్నెలో పెట్టాను.

శాలిబండలో మామిడిపళ్ల బుట్ట సంగతి ఆయన మీకు రాసే ఉంటారు. పక్కన చిన్నపిల్ల ఉన్న సంగతి రాసి ఉండరు. ఆయనకి తెలియదు. నాలుగేళ్లు ఉంటాయేమో. ఆ పళ్లమ్మే ఆమె పిల్ల జడ పట్టుకుని వెనక్కి లాగింది కాబట్టి సరిపోయింది. నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. ఎండ కంట్లో పడిందన్నారు. ఆ సాయంత్రం మబ్బు పట్టి ఉంది. ఇంటికొచ్చి ఆయన హాయిగా కాఫీ తాగారు. మర్నాడు తెల్లవారగానే లేచి రోటరు తీసేశాను.

కళ్ల డాక్టరు అనే మాట ఇంట్లో ఎత్తనివ్వరు. తణుకులో మా మామగారికి కంటి ఆపరేషన్ అయ్యాక ఉన్న చూపు కూడా పోయింది. పద్దెనిమిదేళ్ల వయసులో ఈయనే ఆయన చెయ్యి పట్టుకుని నడిపించారట. ఆ భయం. నేను గట్టిగా అంటే రెండు రోజులు అన్నం మానేస్తారు.

మీరు మెరుపు పరీక్ష రాశారు కదా. ఆయన వైరు పట్టుకున్నారు, నేను సెల్ఫ్ కొట్టాను. "వచ్చింది, వచ్చింది, నీలంగా వచ్చింది!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. రోటరు వంటింట్లో ఉంటే మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది సీమోను గారూ? సీట్లో కూర్చుని ఏడ్చాను. ఆయనకి అదీ కనబడలేదు.

ఇప్పుడది మీ అమ్మాయి ఎక్కాల్సిన కారు. తిరిగి పెట్టెయ్యనా వద్దా, మీరే చెప్పాలి. జవాబు ఆగమ్మకి రాసే ఉత్తరంలో పెట్టండి.

వెంకటలక్ష్మి


ఆదిలాబాద్
21 జూలై 1979
(ఆగమ్మ ఉత్తరంలో పెట్టిన చీటీ)

అమ్మగారికి వందనాలు.
పెట్టకుండ్రి. డబ్బాలనే ఉండనియ్యుండ్రి. సారుతోని నేను మాట్లాడుత.
సీమోను


ఆదిలాబాద్
22 జూలై 1979

మూర్తి సారుకు వందనాలు.

బండి ఫికర్ ఇగ ఇడిసిపెట్టుండ్రి. దూరం నుంచి నాకు సమజైత లేదు. నేను వచ్చినంక చూస్త, అప్పటిదాంక ఎవలు ముట్టకుండ్రి.

పెండ్లికి జల్‌పల్లి నుంచి పెండ్లికొడుకు ఇస్సాకు వాళ్లు వ్యాన్ పంపుతరంట. రాజమణి దాంట్ల పోతది. మీరు, అమ్మగారు రిక్షాల టైముకు చర్చికి రాండ్రి. ముందు వరుసల కుర్చీలు ఏపిస్త.

ఇట్లు
సీమోను


గౌలిపురా
1 ఆగస్టు 1979

సీమోనుకు,

నీ ఉత్తరం చేరింది. ఎనిమిది లైన్లు. వ్యాన్ వస్తుందన్నావు, సంతోషం. నీ కూతురు, నీ ఇష్టం.

అయితే ఒక మాట అడుగుతాను. పదమూడేళ్లలో ఈ బండి విషయంలో "సమజైత లేదు" అని నువ్వు ఒక్కసారి అనలేదు. గేరుబాక్సు ముక్కలైన రోజు కూడా అనలేదు. ఇప్పుడు అన్నావంటే నీకు సమజు కాకపోవడం కాదు, చెప్పడం ఇష్టం లేదు. ఆరేళ్ల పిల్లకి ఇచ్చిన మాట నీకు తమాషాగా కనిపించి ఉంటుంది. నాకు కాదు. నాకు చాలా బాధగా ఉంది. ఈ ఉత్తరం

3 ఆగస్టు

పై ఉత్తరం మధ్యలో ఆపి బండి దగ్గరికి వెళ్లాను. నీ మీద కోపంతో డెల్కో మూత పీకి, నువ్వు పెట్టొద్దన్న చెయ్యి పెట్టాను. నడుమ కడ్డీ ఒక్కటే వేలికి తగిలింది. దాని మీద ఏమీ లేదు. చుట్టూ తడిమాను, కింద పడిందేమోనని అడుగున తడిమాను. ఏమీ లేదు.

రోటరు ఉందని జూన్‌లో నేను నీకు రాశాను. నల్లగా దాని చోట అది ఉందని రాశాను. అబద్ధం రాయలేదు సీమోనూ, నాకు అలాగే కనిపించింది. నీలం అని నువ్వు ముందే రాశావు, కాబట్టి మెరుపు కూడా నీలంగానే కనిపించింది.

కర్ఫ్యూలో ఎక్కడ దాచామో నాకు గుర్తుంది. వంటింట్లోకి వెళ్లి పోపులడబ్బా తీసి మెంతుల్లో వేలు పెట్టాను. వెంకటలక్ష్మి పొయ్యి దగ్గరే నిలబడి ఉంది.

"తీసింది నువ్వేనా?" అన్నాను.

"నేనే."

"రెండు నెలలుగా నాతో సెల్ఫ్ కొట్టించుకుంటూ..."

"సెల్ఫ్ కొట్టింది నేను. మీరు చూశారు" అంది.

అప్పుడు ఆ చిన్నపిల్ల సంగతి చెప్పింది. ఆ పిల్ల ఏ రంగు గౌను వేసుకుందని అడిగాను, ఎందుకు అడిగానో నాకే తెలియదు. పచ్చ గౌనట.

తర్వాత రోటరు పట్టుకెళ్లి తడుముకుంటూ బిగించాను. తాళం తిప్పగానే, అర చుట్టులో, స్టార్టయింది. ఎంత చక్కగా ఉంది ఆ చప్పుడు! రెండు నెలలు నిలబెట్టినా ఏమీ అనుకోలేదు. వెంకటలక్ష్మి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఎదురుగా ఉన్న రామలింగం కొట్టు బోర్డు వైపు చెయ్యి చూపించింది. "రామలింగం గాజుల దుకాణం" అని చదివాను. ఎర్రరంగు అక్షరాలు అని కూడా చెప్పాను.

"బోర్డు మార్చి నెలైంది. కూతురి పేరు పెట్టాడు, సక్కుబాయి గాజుల దుకాణమని. అక్షరాలు నీలం" అంది.

బండి ఆపేశాను.

నీకు సంగతి ముందే తెలుసని ఆమె చెప్పింది. కోపం వచ్చింది, పోయింది. నాకు భయం, సీమోనూ. మా నాన్నగారి చెయ్యి ఎలా ఉండేదో నాకు ఇంకా గుర్తే. నా భుజం మీద వేసి ఎంత గట్టిగా పట్టుకునేవారో! ఇప్పుడు డాక్టర్లు మారారని, శుక్లాలయితే చూపు వస్తుందని వెంకటలక్ష్మి అంటోంది. ఈ నెల ఇరవయ్యో తారీఖున కంటి ఆసుపత్రికి వెళ్లడానికి ఒప్పుకున్నాను. వెళ్తానో లేదో ఇంకా నాకే తెలియదు.

ఈ పొట్లంలో గట్టిగా తగిలేది రోటరు. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఇంట్లో ఉంటే ఏదో ఒకరోజు పెట్టేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. పెళ్లికి తీసుకురా. నువ్వు నడుపు. వ్యాన్ వద్దని ఇస్సాకు వాళ్లకి చెప్పు.

నీ
మూర్తి

ఇంకొకటి. అడ్రసు వెంకటలక్ష్మే రాసింది. పెన్ను పాళీ బాగానే ఉంది.


ఆదిలాబాద్
11 ఆగస్టు 1979

మూర్తి సారుకు సీమోను వందనాలు.

రోటర్ అందింది. మెంతుల వాసన ఇంక పోలే. నా పనిముట్ల పెట్టెల పెట్టి తాళం ఏసిన.

జల్‌పల్లి వ్యాన్ అసలే లేదు సారూ. ఇస్సాకు వాళ్లు సైకిళ్ల మీద తిరిగెటోళ్లు. నేనే పుట్టిచ్చి రాసిన. చూసింది రాయమని మీకు చెప్పి, నేను అనుకోనిది గూడ రాసిన.

గదొక్కటే కాదు. బదిలీ కాకముందు మీ బండి ఎడమ పక్క సొట్టలు మూడుసార్లు తీసిన. మీరు అడిగింది ఒక్కసారే. రెండుసార్లు మీకు ఎరుక లేకుండనే సుత్తెతోని సాపు జేసి రంగేసిన. మూడు సొట్టలూ ఒక్క పక్కనే ఎందుకు పడ్డయో నాకు తెల్వదా? డిపోల ఏ డ్రైవర్‌కన్న గట్లయితె ఆ రోజే స్టీరింగ్ దించి కండ్ల పరీక్షకు తోలుతం. మీ కాడికి వచ్చేసరికి నోరు రాలే. సారు మనసు నొస్తదనుకున్న. సొట్ట తీసుడు వచ్చింది గానీ మాట చెప్పుడు రాలే. శాలిబండల ఆ పిల్లకు ఏమన్న అయితె, తప్పు మీ ఒక్కరిదే కాదు, నాది గూడ. అమ్మగారి ఉత్తరం చదివిన సంది నిద్ర పడ్త లేదు. నన్ను మాఫ్ చేయుండ్రి.

వచ్చే నెల పదో తారీఖు పొద్దుగాల్ల దిగుత. రోటర్ పెట్టి, బండి కడిగి, తెల్ల పువ్వులు కడ్త. స్టీరింగ్ కాడ నేను కూసుంట. పక్క సీటు మీది. ఉప్పుగూడ నుంచి చర్చిదాంక హారన్ మీరే కొట్టాలె. రాజమణికి రాసిన, ఒప్పుకున్నది. "బాపు కొడితె గల్లీల అందరు బయటికి రావాలె" అన్నది.

ఇరవై తారీఖు ఆసుపత్రికి మీరు, అమ్మగారు ఇద్దరే పోకుండ్రి. ఆగమ్మ ఎనిమిది గంటలకే మీ ఇంటికి వస్తది. రాను అంటె రిక్షాల ఎక్కించుకోనే పోతది, దాని సంగతి మీకు ఎరుకే.

అక్కడ డాక్టరు గోడ మీద అక్షరాలు చూపిచ్చి చదవమంటడు సారూ. మీకన్న ముందు బల్ల మీద కూసున్నోళ్లు చదివింది చెవుల పడ్తది, నోటికి వస్తది. అది చెప్పకుండ్రి. కనవడ్డదే చెప్పుండ్రి. కనవడకుంటె, కనవడ్త లేదు అనుండ్రి.

ఇట్లు
సీమోను